చదివి వినిపించగా

వేలిముద్ర వేయించే ముందు కాగితం మొత్తం పైకి చదవడం వెంకట్రాజానికి ఒక జబ్బు. ఇరవై రెండేళ్లు వరంగల్ రిజిస్ట్రేషన్ ఆఫీసు పక్క రేకుల షెడ్డులో దస్తావేజులు రాసినవాడు. ప్రతి దస్తావేజు చివరా ‘చదివి వినిపించగా విని, సమ్మతించి వేలిముద్ర వేసితిని’ అనే మాట ఉంటుంది. ఆ మాట రాసి, నిజంగానే చదివి వినిపించే మనిషి ఆ షెడ్డు మొత్తంలో అతనొక్కడే. మిగతావాళ్లకు రోజుకు పది కాగితాలు తెమిలితే ఇతనికి నాలుగు తెమిలేవి. హనుమకొండలో శిశు సదనం గుమాస్తాగా చేరి రెండేళ్లయినా ఆ జబ్బు తగ్గలేదు.

1985 జూలై తొమ్మిది, మంగళవారం. పొద్దుటి నుంచి ముసురు. అతని బల్ల ముందు బెంచీ మీద భార్యాభర్తలు ఇద్దరు కూర్చున్నారు. నెక్కొండ దగ్గరి పల్లె నుంచి వచ్చారు. ఆమె పేరు సమ్మమ్మ. ఒడిలో పాత చీరముక్కలో చుట్టిన నాలుగు రోజుల ఆడపిల్ల. భర్త కట్టయ్య తువ్వాలును నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నాడు. ఆమె ఏడవడం లేదు.

“రాజం, చదివేదేముందయ్యా? ముద్రలు తీసుకో. పాపకు పాల టైమయింది” అన్నాడు లోపలి గదిలోంచి సారంగపాణి. సదనం కార్యదర్శి ఆయన, రిటైరయిన హెడ్మాస్టరు. మంచివాడే, కాని ఒక పాఠం రెండుసార్లు చెప్పడం ఇష్టం లేని మనిషి.

“అయిపాయె సార్, ఒక్క పేజీనే” అని వెంకట్రాజం కళ్లద్దాలు సవరించుకుని మొదలుపెట్టాడు. “మాకు జన్మించిన ఆడ శిశువును పూర్తి ఇష్టంతో, ఎవరి బలవంతమూ లేకుండా, ఎలాంటి ప్రతిఫలమూ పుచ్చుకోకుండా సదనానికి అప్పగిస్తున్నాము. కారణము, పేదరికం.”

“పేదరికమని రాయకుండ్రి సార్” అంది సమ్మమ్మ. “మాకు రెండెకరాల చెల్క ఉన్నది. మా చేతుల పిల్లలు నిలుస్తలేరని రాయుండ్రి. ముగ్గురు పోయిండ్రు.”

అది అచ్చు ఫారం. అందరికీ పేదరికమే. వెంకట్రాజం ఆ మాట కొట్టేసి, పైన చిన్న అక్షరాలతో ఆమె చెప్పింది చెప్పినట్టే రాసి, పక్కన పొట్టి సంతకం చేశాడు. తర్వాత మూడో పేరా చదివాడు.

“అప్పగించిన తేదీ నుండి మూడు నెలల లోపల మా మనసు మారినచో శిశువును తిరిగి తీసుకొనుటకు మాకు హక్కు కలదు. ఆ గడువు దాటిన పిమ్మట ఎలాంటి హక్కూ లేదు.”

ఈ పేరా కొత్తది. కన్నవాళ్లను తొందరపెట్టకూడదని, ఆలోచించుకోవడానికి మూడు నెలలు ఇవ్వాలని ఢిల్లీలో పెద్ద కోర్టు చెప్పాక పోయిన సంవత్సరం చేర్చారు. దాన్ని మాత్రం పైకి చదవొద్దని సారంగపాణి చాలాసార్లు చెప్పాడు. గుండె రాయి చేసుకుని వచ్చిన మనిషికి ఆ రాయి మళ్లీ కరిగించడం పాపమని ఆయన వాదన.

“గది మళ్లొకసారి చదువుండ్రి” అంది సమ్మమ్మ.

చదివాడు.

“మూడు నెలలంటే మూడు అమాసలా సార్, ఇంగిలీషు నెలలా?”

“ఇంగిలీషు నెలలే. అక్టోబరు తొమ్మిది దాక.”

“ఆ దినం గూడ లెక్కకొస్తదా?”

“వస్తది. ఆఫీసు మూసెదాక. సాయంత్రం ఐదున్నర.”

“పోలీసోళ్లు మా మీదికి రారు గదా?”

“బస్టాండులనో రైలుపెట్టెలనో ఇడిసిపెట్టి పోతే కేసయితది. ఇట్ల వచ్చి అప్పజెప్పితే కేసు లేదు, అడిగేటోడు లేడు.”

రెండేళ్లలో ఆ బెంచీ మీద కూర్చున్న తల్లులు పంతొమ్మిది మంది. కొందరు ఏడ్చారు, కొందరు నేల చూపులు చూశారు, ఒకామె సొమ్మసిల్లి పడిపోయింది. భూమి కొనేవాడు హద్దులు అడిగినట్టు ఇట్లా ఒక్కొక్కటే అడిగి తెలుసుకున్న ఆడమనిషిని వెంకట్రాజం ఎన్నడూ చూడలేదు. అతనికి ఆశ్చర్యం వేసింది, కొంచెం కోపం కూడా వచ్చింది.

ముద్రలు పడ్డాయి. ఆయా జైనాబీ పిల్లను అందుకోవడానికి చేతులు చాపింది. సమ్మమ్మ ఇవ్వలేదు. వెంకట్రాజం ముఖంలోకి చాలాసేపు చూసింది. ఆ చూపు సరిగ్గా ముక్కు మీద ఆగింది. సిరా అంటిందేమోనని అతను ముక్కు తుడుచుకున్నాడు.

“మీ చేతులకే ఇస్త సార్” అంది.

“నాకు చాతగాదమ్మా. జైనాబీకి ఇయ్యి.”

“మీరే ఎత్తుకోవాలె.”

చేసేది లేక లేచి నిలబడి రెండు చేతులూ చాపాడు. ఆమె పిల్లను అందులో పెట్టి, కొంగు నెత్తిన కప్పుకుని వానలోకి నడిచి పోయింది. కట్టయ్య గేటు దాకా రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. ఆమె ఒక్కసారి కూడా చూడలేదు.

“గిదేం తల్లి సార్” అంది జైనాబీ పిల్లను అందుకుంటూ.

అక్టోబరు ఏడు, సోమవారం మధ్యాహ్నం సారంగపాణి వెంకట్రాజాన్ని లోపలికి పిలిచి తలుపు దగ్గరికి వేశాడు.

“జూలై తొమ్మిది పిల్ల. దాన్ని తీసుకుపోవడానికి హైదరాబాద్ నుంచి ఇంజనీరు దంపతులు రేపు వస్తున్నారు. మంచి మనుషులు. ఎల్లుండి పొద్దున ఆయన డ్యూటీలో ఉండాలి. ఆ కాగితంలో తొమ్మిదిని ఏడు చెయ్యి. గడువు ఈ రోజుతో అయిపోతుంది.”

వెంకట్రాజం గోడకున్న క్యాలెండరును, తర్వాత ఆయన్ను చూశాడు.

“నాకేదో లాభమున్నట్టు చూడకు” అన్నాడు సారంగపాణి. “పోయిన నెల మూడో ఊయలలో పిల్లాడు గుర్తున్నాడా? తీసుకుపోయేవాళ్లు వచ్చి కూర్చున్నారు. ఇంకా పన్నెండు రోజుల గడువుందని మనమే ఆపినం. పదో రోజు విరేచనాలు పట్టుకున్నాయి. నువ్వే కదా రిక్షాలో దవాఖానకు తీసుకుపోయింది. ఆ గడువు ఎవరికి పనికొచ్చింది, చెప్పు. ఒక్క తల్లన్నా తిరిగొచ్చిందా?”

రాలేదు. ఆ పిల్లాడు రిక్షాలో వెంకట్రాజం చేతుల్లోనే చల్లబడ్డాడు. ఆ రోజు నుంచి మూడో ఊయల పక్కగా నడవాల్సి వస్తే చుట్టు తిరిగి పోతున్నాడు.

“తారీఖు దిద్దుడు నాతోని కాదు సార్” అన్నాడు చివరికి. “ఇరవై రెండేండ్లు ఆ ఒక్క పని చెయ్యకనే బతికిన.”

సారంగపాణి నిట్టూర్చాడు. “సరే, తేదీ ఉండనీ. పిల్లను రేపే ఇచ్చేద్దాం. ఆ కాగితం జోలికి పోకు.”

బయటికి వచ్చి ఫైలు తీశాడు. సమ్మమ్మ వేలిముద్ర స్పష్టంగా, గీతగీతా లెక్కపెట్టేట్టు పడింది. చెయ్యి వణికిన ముద్ర కాదు. కట్టయ్యది మాత్రం అలుక్కుపోయి ఉంది.

“జైనాబీ, నెక్కొండామె వస్తదంటవా?”

జైనాబీ పిల్లకు నూనె రాస్తోంది. పిల్ల ఇప్పుడు గుమ్మడికాయలా తయారైంది. “రాదు సార్. వచ్చేటామె అయితే ఎన్కకు జూసేది. జర బుద్ధున్నోళ్లకు పోతాంది గద పిల్ల, మీకెందుకు ఫికర్?”

అది నిజమే. అయినా ఆ ప్రశ్నలు అతన్ని వదలలేదు. రానిదానికి అమావాస్యల లెక్కెందుకు, ఆఖరి దినం లెక్కెందుకు?

మర్నాడు పదకొండు గంటలకు ఇంజనీరు, ఆయన భార్య రుద్రమ వచ్చారు. ఆమె పుట్టిల్లు వరంగల్ కోట ప్రాంతంలోనే. ముప్పై ఆరేళ్లుంటాయి. చేతిసంచిలో తను అల్లిన ఊలు టోపీ, రెండు గౌన్లు తెచ్చింది. జైనాబీ పిల్లను ఒడిలో పెట్టగానే పిల్ల ఆమె గడియారం పట్టీని పట్టుకుని వదల్లేదు. రుద్రమ ఆ చిన్న వేళ్లను ఒక్కొక్కటే విప్పి చూసి, మళ్లీ పట్టీ మీదే పెట్టుకుంది.

ఇంజనీరు జేబులోంచి పెన్ను తీశాడు. “ఎక్కడ చెయ్యాలి సార్ సంతకం?”

సారంగపాణి వేలు పెట్టి చూపించేలోగా వెంకట్రాజం లేచి నిలబడ్డాడు. “చదివి వినిపిస్త.”

“మేం చదువుకున్నోళ్లమే” అని నవ్వాడు ఇంజనీరు.

“అయినా పద్ధతి” అని మొదలుపెట్టాడు. వాళ్ల కాగితం చదివాడు. దానికి జతచేసి గుచ్చిన సమ్మమ్మ కాగితం కూడా ఆపకుండా అందుకున్నాడు. సారంగపాణి ఒకసారి దగ్గాడు. తర్వాత గట్టిగా దగ్గాడు. ఈ వయసులో ఇంకో ఉద్యోగం దొరకదని వెంకట్రాజానికి తెలుసు. కాని మూడో పేరా వచ్చింది, మూడో పేరా చదివాడు.

రుద్రమ తలెత్తింది. “జూలై తొమ్మిది అంటే, రేపటిదాక ఉన్నట్టు గదా?”

వెంకట్రాజం కాగితం ఆమె వైపు తిప్పి తేదీ చూపించాడు.

“ఎవరూ రారమ్మా” అన్నాడు సారంగపాణి. “ఇప్పటిదాకా ఎవరూ రాలేదు.”

“రాకపోతే మంచిదే సార్. రేపు ఐదున్నరకే తీసుకపోత.” భర్త వైపు తిరిగింది. “పదేండ్లు ఆగినం. ఒక్క దినం ఆగలేమా? రేపు నిజంగనే ఎవరన్న వచ్చి ఆ గేటు దగ్గర నిలబడితే, నాకు జన్మంతా ఆమె ఆడనే నిలబడ్డట్టుంటది.”

ఇంజనీరు పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆఫీసుకు ట్రంకాల్ చేసి రావడానికి పోయాడు.

వాళ్లు వెళ్లాక సారంగపాణి వెంకట్రాజం బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. “ఇంకో మూడో ఊయల అయితే నీదే బాధ్యత” అన్నాడు మెల్లగా. ఆ మాట కంటే ఉద్యోగం తీసేస్తానన్నా బాగుండేది. సాయంత్రం ఇంటికి పోయేముందు వెంకట్రాజం నాలుగుసార్లు పిల్ల ఒంటి మీద చెయ్యి వేసి చూశాడు. చల్లగా హాయిగా ఉంది.

సెలవు దొరకక ఇంజనీరు రాత్రే హైదరాబాద్ పోయాడు. బుధవారం తొమ్మిదికల్లా రుద్రమ ఒక్కతే వచ్చి కూర్చుంది. పాలు పట్టింది, జోకొట్టింది, పిల్ల నిద్రపోతే ఊయలలో వెయ్యకుండా ఒడిలోనే ఉంచుకుంది. వెంకట్రాజం రిజిస్టరు తెరిచి పెట్టుకుని గేటు వైపు చూస్తున్నాడు. ఆ తల్లి రావాలని ఉందో, రాకూడదని ఉందో అతనికే తెలియడం లేదు. ఒడిలో పిల్లను చూస్తే రాకూడదనిపించేది. ఫైల్లో ముద్ర చూస్తే రావాలనిపించేది.

ఒంటిగంటకు చాయ్ తాగుదామని ఎదురుగా ఉన్న హోటలుకు పోయాడు. అక్కడ బయటి బల్ల మీద సమ్మమ్మ, కట్టయ్య కూర్చుని ఉన్నారు. ఆమె పక్కన తెల్లగుడ్డ కట్టిన వెడల్పాటి వస్తువేదో ఉంది. అతన్ని చూడగానే లేచింది.

“ఉన్నదా సార్?” అంది.

ఒక్క క్షణం అతనికి అర్థం కాలేదు. అర్థమయ్యాక తల ఊపాడు. “ఉన్నది. బొద్దుగున్నది.”

ఆమె కళ్లు మూసుకుని బల్ల పట్టుకుని కూర్చుంది. మూడు నెలలుగా బిగబట్టిన ఊపిరి అప్పుడు వదిలినట్టుంది.

“ఎప్పుడొచ్చిండ్రు?”

“పొద్దుగాల ప్యాసింజరుకే.”

“మరి లోపలికి రాకపోతిరి?”

“ఇంకా నిండలే గద సార్. ఐదున్నర గావాలె.”

అని గుడ్డ ముడి విప్పింది. లోపల కొత్త చేట. చేట నిండా మెత్తని తవుడు.

ఆ చేట చూడగానే వెంకట్రాజానికి అంతా తెలిసిపోయింది. పిల్లలు దక్కని ఇంట్లో పుట్టిన బిడ్డను చేటలో పెట్టి పెంటకుప్ప మీద వదిలేస్తారు. వేరేవాళ్లు ఎత్తుకుంటారు. తల్లి పోయి చేటెడు తవుడిచ్చి తన బిడ్డను తనే కొనుక్కుంటుంది. ఇది ఎవరో పారేసిన బిడ్డ, కొనుక్కొచ్చిన బిడ్డ, ఈ ఇంటి బిడ్డ కాదని మృత్యువు మోసపోతుంది. అట్లాంటి బిడ్డకు ముక్కు కుట్టించి, పెంటయ్య అనో పెంటమ్మ అనో పేరు పెడతారు. బడిలో వేసినప్పుడు వెంకట్రాజం అని రాయించారు గాని పదేళ్లు వచ్చేదాకా అతనూ పెంటయ్యే. కుడి ముక్కు మీద పూడుకుపోయిన రంధ్రం మచ్చ ఇప్పటికీ ఉంది. రోజూ అద్దంలో చూసుకుని గడ్డం గీసుకునే ముఖమే, అయినా తట్టలేదు.

“ముగ్గురూ మూడు నెలలు నిండకముందే పోయిండ్రు” అంది సమ్మమ్మ. “రెండోదాన్ని పెంట మీదేసి, మా ఆడిబిడ్డతోని ఎత్తిచ్చి కొనుక్కున్న. నిలువలే. ఇంటోళ్లకిచ్చి ఇంటోళ్ల తాననే కొంటే సావుకు తెల్వదా అన్నది మా పెద్దమ్మ. నిజంగనే ఇయ్యాలె, మాది కాదని ముద్రెయ్యాలె అనుకున్న. మీ ముక్కు జూసిన. నిలిచినోని చేతుల పెడితే నిలుస్తదనిపించింది.”

“ఒక్క మాట చెప్పకపోతివి?”

“చెప్తే ఇచ్చినట్టు గాదు సార్, దాచినట్టయితది. ఈయనకు గూడ మొన్ననే చెప్పిన.”

కట్టయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకుని నవ్వాడు. మూడు నెలలు ఉత్తపుణ్యానికి ఏడ్చిన మనిషి నవ్వు అది.

“మేం ఈలోగ ఎవరికన్న ఇచ్చేస్తే ఏం జేద్దువు?”

ఆమె అతన్ని వింతగా చూసింది. “మూడు నెలలని మీరే గద చదివి చెప్పింది.”

వెంకట్రాజం చాయ్ తాగకుండానే లేచాడు. నిన్న తను ఆ పేరా మింగేసి ఉంటే ఈ వేళకు పిల్ల హైదరాబాద్‌లో ఉండేది, ఈమె చేట పట్టుకుని ఈ బల్ల మీదే ఐదున్నర కోసం ఎదురుచూస్తూ ఉండేది. రోడ్డు దాటి సదనం మెట్ల దగ్గర ఆగాడు. లోపల ఇంకొకామె ఉంది.

రుద్రమకు దాచకుండా అంతా చెప్పాడు. ఆమె వింటూ పిల్ల తలమీది టోపీ సవరిస్తూనే ఉంది. సరిగానే ఉన్న టోపీని మళ్లీ మళ్లీ సవరించింది.

“ఇప్పుడే ఇయ్యాల్నా?” అంది.

“లేదమ్మా. ఐదున్నర దాక ఆమెనే వద్దంటాంది.”

“అయితే ఐదున్నర దాక నా తాననే ఉండనియ్యుండ్రి.”

ఆ నాలుగు గంటలూ ఆమె పిల్లను దించలేదు. జైనాబీ నీళ్లు కాచి ఇస్తే తనే స్నానం చేయించింది, తను తెచ్చిన పచ్చ గౌను తొడిగింది. వరండా చివరి నుంచి ఈ చివరకు ఎత్తుకుని నడిచింది. గేటవతల చాయ్ హోటలు బల్ల మీది మనుషులు ఆమెకు కనిపిస్తూనే ఉన్నారు. ఒకసారి పిల్లను ఎత్తి, అటు తిప్పి చూపించింది కూడా. సమ్మమ్మ చటుక్కున ముఖం పక్కకు తిప్పుకుంది. నిండకముందు చూడకూడదు.

ఐదున్నరకు సమ్మమ్మ చేట పట్టుకుని లోపలికి వచ్చింది. సారంగపాణి గుమ్మంలో నిలబడి ఆమెను, చేటను, పిల్లను చూశాడు. లోపలికి పోయి, సిరా అద్దే డబ్బా తనే తెచ్చి వెంకట్రాజం బల్ల మీద పెట్టాడు.

“తీసుకోండ్రి సార్” అని ఆమె చేట వెంకట్రాజం ముందు చాపింది.

అతను వెనక్కి జరిగాడు. “తీసుకోరాదమ్మా. పిల్లకు బదులు గడ్డిపోచ గూడ ముట్టొద్దని రూలు. ఉత్తగనే తీస్కపో, నీ పిల్లనే.”

“ఉత్తగ తీస్కపోతే నా పిల్లనే అయితది సార్” అంది సమ్మమ్మ. “నా పిల్లయితే బతకదు.”

ఆమె చేట దించలేదు. వెంకట్రాజం ఆ చేట వైపే చూశాడు. తన తల్లి కూడా ఇట్లాగే ఎవరి ముందో చేట పట్టుకుని నిలబడి ఉంటుంది. ఎవరో తీసుకున్నారు కాబట్టే తను ఇక్కడ నిలబడి రూలు చెబుతున్నాడు.

బెంచీ మీద కూర్చున్న రుద్రమ ఒక చేత్తో పిల్లను భుజానికి ఆనించుకుని, రెండో చేత్తో కొంగు పరిచింది. జరీ అంచు పట్టుచీర. పిల్లను తీసుకుపోయే రోజని కట్టుకున్నది.

“ఎవరి తాన ఉంటే వాళ్లే గద అమ్మాలె. నాకు పొయ్యమ్మా.”

సమ్మమ్మ ఆమెను ఎగాదిగా చూసి చేట వంచింది. తవుడు జరీ మీద కుప్పగా పడింది. రుద్రమ పిల్లను ఒకసారి ముఖానికి ఆనించుకుని, ఖాళీ అయిన చేటలో పడుకోబెట్టింది. చేటను గుండెకు హత్తుకున్నాక గాని సమ్మమ్మ ఏడవలేదు.

కాగితం మిగిలింది. వెంకట్రాజం నిలబడి కళ్లద్దాలు తుడుచుకుని చదవడం మొదలుపెట్టాడు. “అప్పగించిన శిశువును గడువు లోపలనే తిరిగి తీసుకుంటున్నాము. పూర్తి ఇష్టంతో, ఎవరి బలవంతమూ లేకుండా...”

తర్వాతి వరుస ‘ఎలాంటి ప్రతిఫలమూ ఇవ్వకుండా, పుచ్చుకోకుండా’. అతని కళ్లు కాగితం మీది నుంచి రుద్రమ కొంగులోని తవుడు మీదికి పోయి తిరిగి వచ్చాయి. నకలు చేతిలో పట్టుకుని సారంగపాణి కూడా ఆ వరుస దగ్గరే ఆగి చూస్తున్నాడు.

“...సాక్షుల ఎదుట స్వాధీనం చేసుకుంటున్నాము” అని చదివాడు వెంకట్రాజం. “చదివి వినిపించగా విని, సమ్మతించి వేలిముద్ర వేసితిమి.”

సారంగపాణి నకలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. సమ్మమ్మ బొటనవేలు సిరాలో అద్దింది. బెంచీ మీద రుద్రమ వంగి, రవ్వంత కూడా కింద పడకుండా తవుడును కొంగులోకి కూడదీసి ముడి వేసుకుంటోంది.